కనుపాపలో తెల్లని వెలుగు

ఇంద్రియములన్నింటిలో నయనమే ప్రధానమని పెద్దలు చెప్పుదురు. ప్రాణప్రదమైన దానిని కంటిపాపతో పోల్చుటయు, బిడ్డను కంటికి రెప్పవలె కాపాడితిమనుటయు మన భాషలో వాడుక. అట్టి కంటిలోనే ఒక వ్యాధి పుట్టి, నొప్పి లేక, నీరు కారక, దినదినము పెరుగుచుండినచో దానిని ఎవరు కనిపెట్టగలరు? ఎట్లు కనిపెట్టగలరు? ఈ ప్రశ్నలు నాకు గ్రంథములు చదువుటవలన కలిగినవి కావు. నా బడిలోని ఒక బాలుడు అడిగిన ప్రశ్నవలన, దానికి నేను చెప్పిన సమాధానమువలన కలిగినవి.

సుమారు 20 సంవత్సరముల క్రిందట నేనొక పల్లెటూరి ఉన్నత పాఠశాలలో ప్రధానోపాధ్యాయుడనుగా ఉంటిని. సామాన్యశాస్త్రము బోధించు ఉపాధ్యాయుడు సెలవు పెట్టినందున ఒకనాడు ఎనిమిదవ తరగతికి నేనే పోయి వెలుతురును గూర్చిన పాఠము చెప్పితిని. పాఠము ముగియు సమయమున వెనుక వరుసలోని బాలుడొకడు లేచి, "మాస్టారూ, చీకటిలో పిల్లికన్ను ఎందుకు మెరయునండి?" అని అడిగెను. పిల్లికంటి వెనుకభాగమున అద్దమువంటి పొర యొకటి కలదనియు, లోనికి పోయిన వెలుతురును అది తిప్పి పంపుననియు నేను వివరించితిని. బాలుడు కూర్చుండక, "మా చెల్లెలి కన్నుకూడ ఒకటి అట్లే మెరయుచున్నదండి. దీపము దగ్గర చూచిన తెల్లగా కనబడును" అనెను. తరగతి అంతయు గొల్లున నవ్వెను. నేనును నవ్వితిని. "చిన్నబిడ్డల కన్నులు నిగనిగలాడుచుండును లే, కూర్చుండుము" అని పుస్తకము మూసితిని.

పిల్లిని గూర్చి నేను చెప్పిన మాట సత్యమే. బిడ్డను గూర్చి చెప్పిన మాట తప్పు. పిల్లికంటిలో నుండు అద్దపుపొర మనుష్యుని కంటిలో లేదు. లేనిచోట మెరపు ఎట్లు వచ్చినదని నేను అప్పుడే ఆలోచింపవలసియుండెను.

కంటి నిర్మాణమును ఒకింత తెలిసికొనినచో ఈ విషయము సుబోధమగును. నల్లగ్రుడ్డు నడుమ కనబడు నల్లని చుక్కయే కనుపాప. అది వెలుతురు లోనికి ప్రవేశించు ద్వారము. దాని వెనుక పారదర్శకమైన కటకము కలదు. కంటి లోపలి గోడకు పలుచని పొర యొకటి అంటియుండును. దానిని నేత్రపటలమందురు; వైద్యులు రెటీనా అందురు. మనము చూచు వస్తువుల బొమ్మలు దానిపై పడును. ఆ బొమ్మల సమాచారమును చూపునాడి మెదడునకు చేర్చును. నేత్రపటలమునకు వెనుక నెత్తురునాళములతో నిండిన మరియొక పొర కలదు. దాని పేరు రక్తపటలము.

ద్వారము తెరచియుండగా లోపలిభాగము మనకు కనబడక, కనుపాప నల్లగానే ఏల తోచును? ఈ ప్రశ్నకు చక్కని సమాధానము చెప్పినవాడు హెర్మన్ హెల్మ్‌హోల్ట్జ్ అను జర్మను శాస్త్రజ్ఞుడు. కంటిలోనికి పోయిన వెలుతురు తాను వచ్చిన త్రోవనే వెనుకకు మరలును. దానిని చూడవలెనన్నచో దీపమున్న చోటనే మన కన్ను ఉండవలెను. అట్లు ఉంచబోయినచో మన తలయే దీపమునకు అడ్డు వచ్చును. అందుచేత కనుపాప నల్లగా కనబడును. వెలుతురు పంపుటయు, చూచుటయు ఒకే త్రోవను జరుగునట్లు హెల్మ్‌హోల్ట్జ్ ఒక చిన్న పరికరమును కల్పించి 1851లో లోకమునకు వెల్లడించెను. అదియే ఆఫ్తాల్మోస్కోపు. అంతకు పూర్వము బ్రదికియున్న మనుష్యుని కంటి లోపలిభాగమును వైద్యులు స్పష్టముగా చూచి పరీక్షించుటకు సాధనము లేకుండెను.

నేడు ఇంటింట నున్న సెల్‌ఫోను కెమెరా ఇంచుమించుగా ఈ పనినే చేయుచున్నది. దాని ఫ్లాషుదీపము కటకమునకు ప్రక్కనే ఉండును. కావున చీకటిగదిలో ఫ్లాషుతో తీసిన ఛాయాచిత్రములలో కనుపాపలు ఒక్కొక్కప్పుడు ఎఱ్ఱగా పడును. అది రక్తపటలములోని నెత్తురు రంగు. ఆ ఎఱుపును చూచి భయపడనక్కరలేదు. రెండు కన్నులలోను అది సమానముగా నుండుట మంచి లక్షణమే. ఒక కన్ను ఎఱ్ఱగాను, రెండవది తెల్లగానో పసుపుగానో కనబడినచో మాత్రము విచారింపవలెను. ఏదో ఒకటి ఆ కంటిలో వెలుతురు త్రోవకు అడ్డుగా ఉండియుండవచ్చును. అది శుక్లము కావచ్చును; నేత్రపటలమునకు కలిగిన వేరొక వ్యాధి కావచ్చును. బిడ్డ ప్రక్కకు చూచుచుండగా తీసిన చిత్రములో ఏ వ్యాధియు లేకయే తెల్లదనము కనబడుటయు కలదు. కాని కొందరు బిడ్డలలో అది క్యాన్సరు. ఏది యగునో చూచి చెప్పవలసినవాడు నేత్రవైద్యుడే కాని, ఇరుగుపొరుగువారు కారు. నావంటి ఉపాధ్యాయుడును కాడు.

మన శరీరము కోట్లకొలది కణములతో నిర్మితమైనది. కణము ఎప్పుడు చీలవలెనో, ఎప్పుడు చీలుట మానవలెనో ఒక కట్టడి కలదు. ఆ కట్టడి తప్పి కొన్ని కణములు అదుపులేక పెరిగి, చుట్టునున్న భాగములను ఆక్రమించి, దూరభాగములకు సైతము వ్యాపించు వ్యాధియే క్యాన్సరు. పూర్వులు దీనిని రాచపుండు అనిరి. నేత్రపటలములోని లేత కణములలో పుట్టు క్యాన్సరునకు రెటీనోబ్లాస్టోమా యని పేరు. ఇది పసిబిడ్డల వ్యాధి. తల్లిగర్భములోను, తరువాతి కొలది ఏండ్లలోను ఆ కణములు పెరుగుచుండును. పరిపక్వమైన పిదప చీలుట మానును. అందుచేత ఈ వ్యాధి చాలవరకు 5 ఏండ్లలోపు బిడ్డలకే వచ్చును. లోకమున ఏటా సుమారు 8000 మంది బిడ్డలకు ఇది కలుగుచున్నది. వారిలో మన భారతదేశపు బిడ్డలు వేయిమందికి పైగా ఉందురు.

ఈ వ్యాధి ఎట్లు కలుగునో తెలిసికొనుటకు సైకిలును తలచుకొనుడు. దానికి రెండు బ్రేకులు కలవు. ఒకటి చెడినను రెండవది బండిని ఆపును. రెండును చెడినచో ఆగదు. అట్లే నేత్రపటలపు కణము చీలుటను అదుపులో నుంచు జన్యువు ప్రతి కణములోను రెండు ప్రతులుగా నుండును. తండ్రినుండి వచ్చినది ఒకటి, తల్లినుండి వచ్చినది ఒకటి. ఒకే కణములో రెండును చెడినప్పుడు క్యాన్సరు మొదలగును. కొందరు బిడ్డలలో పుట్టుకతోనే శరీరమందలి కణములన్నింటిలోను ఒక ప్రతి చెడియుండును. వారికి వ్యాధి త్వరగా వచ్చును. తరచుగా రెండు కన్నులకును వచ్చును. ఆల్ఫ్రెడ్ నడ్సన్ అను అమెరికా వైద్యశాస్త్రజ్ఞుడు 48 మంది రోగుల వివరములను గణితరీతిని పరిశీలించి 1971లో ఈ విషయమును ఊహించి చెప్పెను. ఆ జన్యువు నిజముగా 1986లో చేజిక్కెను. క్యాన్సరును అణచియుంచు జన్యువులలో మొట్టమొదట దొరకినది ఇదియే. ఒక చిన్న బిడ్డల వ్యాధిని శోధింపగా తేలిన ఈ సత్యము పెద్దవారి క్యాన్సరులనేకము అర్థమగుటకు త్రోవ చూపినది.

ఇందులో మనము గ్రహింపవలసిన లోకరీతి యొకటి కలదు. బిడ్డకు కంటిజబ్బు వచ్చినంతనే గ్రహణమునాడు తల్లి బయటికి వచ్చినదనియు, దిష్టి తగిలినదనియు, ఎవరో చేసిన పాపమనియు అనుట కొన్నియిండ్లలో కలదు. ఇవి యేవియు కారణములు కావు. ఈ వ్యాధి వచ్చిన బిడ్డలలో ఎక్కువమందికి కుటుంబములో పూర్వమెవ్వరికిని ఇది లేదు. తల్లిని నిందించుటవలన బిడ్డకు మేలు కలుగదు. పైగా చికిత్సకు పోవలసిన కాలము ఆ మాటలలోనే గడచిపోవును.

నా బడిలోని బాలుని ఇంట జరిగినదియు ఇదియే. ఆ బిడ్డకు అప్పుడు 2 ఏండ్లు. కన్ను మెరయుటను మొదట అందరును ముద్దుగా చెప్పుకొనిరి. తరువాత ఆ కన్ను ఒకింత మెల్లగా తిరిగెను. మెల్లకన్ను అదృష్టమని నాయనమ్మ సంతోషించెను. పిమ్మట కన్ను ఎఱ్ఱబారగా ఎవరో చెప్పిన పసరు పోసిరి. నేను తరగతిలో నవ్విన మూడునెలలకు ఆ బాలుడు నా గదికి వచ్చి ఏమియు చెప్పలేక నిలుచుండెను. సాయంకాలము వాని యింటికి పోయి చూచితిని. బిడ్డ కన్ను వాచియుండెను. వెలుతురును చూడలేక తల్లి భుజమున ముఖము దాచుకొనుచుండెను. మరునాడే తండ్రిని వెంటబెట్టుకొని నగరమునకు పోతిమి.

వైద్యులు బిడ్డకు మత్తు ఇచ్చి రెండు కన్నులను పరీక్షించిరి. లోపలి గడ్డను సూదితో గ్రుచ్చి ముక్కను తీయలేదు. అట్లు చేసినచో కణములు కంటినుండి వెలుపలికి పాకవచ్చునట. కంటిని, తలను స్కానింగు తీసిరి. రెండవ కన్ను నిర్మలముగా నుండెను. వ్యాధి సోకిన కన్ను గడ్డతో నిండియుండెను, చూపు పోయియుండెను. అయినను వ్యాధి మెదడువైపు ప్రాకినట్లు ఆనవాలు లేదు. ఆ కంటిని తీసివేయవలెనని వైద్యుడు చెప్పగా తండ్రి నేలపై కూలబడి, "ఆడపిల్లండీ! కన్ను తీసివేసిన రేపు దాని బ్రదుకేమగును?" అనెను. వైద్యుడు ఆయన ప్రక్కనే కూర్చుండి, "మొదట ప్రాణము, తరువాత కన్ను, ఆ తరువాత చూపు. మేము కాపాడవలసిన వరుస ఇది. మొదటిదానిని పోనిచ్చి తక్కినవాటిని ఏమి చేసికొందుము?" అనెను. ఆ రాత్రి మేమిద్దరమును ఆసుపత్రి వరండాలో మేలుకొనియే గడపితిమి. తెల్లవారిన పిదప ఆయన కాగితముపై వ్రేలిముద్ర వేసెను.

వచ్చునప్పుడు వైద్యుని నేనొక మాట అడిగితిని: "మూడునెలలు ముందు వచ్చినచో ఏమగునండి?" ఆయన నాకు సంగతి తెలియకయే, "కన్నును నిలుపుటకు ప్రయత్నము చేసియుందుము" అనెను. ఆ మాట నేటికిని నాకు మరపునకు రాలేదు.

కన్నును తీసివేయుట క్రూరమైన చికిత్సగా తోచును గాని, ఈ వ్యాధినుండి బిడ్డలను బ్రదికించిన మొదటి చికిత్స అదియే. జేమ్సు వార్డ్రాప్ అను స్కాట్లండు శస్త్రవైద్యుడు 1809లోనే దీనిని సూచించెను. అప్పటికి మత్తుమందు లేదు. 1846 తరువాతనే అది వాడుకలోనికి వచ్చెను. అట్టి కాలమున పసిబిడ్డపై ఈ శస్త్రచికిత్స ఎంత దుష్కరమో ఊహింపుడు. వ్యాధి చూపునాడి వెంట మెదడునకు ప్రాకును గనుక, కంటితోపాటు ఆ నాడినికూడ వీలైనంత పొడవుగా ఖండింపవలెనని తరువాతి వైద్యులు గ్రహించిరి. నాటినుండి బ్రదుకువారి సంఖ్య పెరిగెను.

నేడు త్వరగా వచ్చిన బిడ్డకు మార్గములనేకము కలవు. చిన్న గడ్డలను లేజరు కిరణములతో కాల్చుదురు; మిక్కిలి చల్లదనముతో గడ్డకట్టించి చంపుదురు. పెద్దవాటిని మందులతో కుదించి పిదప ఈ పద్ధతులను ప్రయోగింతురు. తొడ మొదటనున్న ధమనిగుండ వెండ్రుకవంటి సన్నని గొట్టమును కంటి ధమనివరకు పోనిచ్చి, మందును అక్కడనే విడుచు విధానమును కూడ పెద్ద వైద్యశాలలలో అవలంబించుచున్నారు. సంపన్నదేశములలో ఈ వ్యాధి వచ్చిన నూరుగురు బిడ్డలలో 95 మందికి పైగా బ్రదుకుచున్నారు. పేదదేశములలో అంతమంది బ్రదుకకుండుటకు ముఖ్యకారణము ఆలస్యము. వ్యాధి కన్ను దాటి మెదడునకో, ఎముకల మూలుగకో చేరిన పిదప మందులు చాలునని చెప్పజాలము.

కంటిక్యాన్సరు పెద్దవారికిని వచ్చును గాని, దాని స్వభావము వేరు. మన చర్మమునకు రంగు నిచ్చు కణములవంటివే కంటిలోను కలవు. రక్తపటలములో అవి మెండు. వానిలో పుట్టునది మెలనోమా. పెద్దవారి కంటిలోపలనే పుట్టు క్యాన్సరులలో ఇది ఎక్కువగా కనబడునది. అమెరికాలో ఏటా పదిలక్షలమందిలో సుమారు 5 గురికి ఇది వచ్చుచున్నది. మనదేశమున ఇంకను అరుదు. చూపు మసకబారుట, కంటిలో మెరుపులు తోచుట, ఒకప్రక్క నీడ క్రమ్ముట దీని లక్షణములు. ఒక్కొక్కరికి ఏ లక్షణమును ఉండదు. కండ్లజోడు కొరకు పరీక్షకు పోగా బయటపడును. పూర్వము దీనికిని కన్నును తీసివేయుచుండిరి. అమెరికా, కెనడా దేశములలో 1986లో మొదలైన ఒక గొప్ప పరిశోధనలో మధ్యపరిమాణపు గడ్డలు గల 1317 మంది పాల్గొనిరి. సగముమందికి కన్నును తీసివేసిరి. సగముమందికి వికిరణము వెలువరించు చిన్న బిళ్ళను కంటి వెలుపలి గోడకు కొన్నినాళ్ళు కుట్టియుంచిరి. రెండు తెగలవారును సమానముగనే జీవించిరని 2001లో తేలెను. నాటినుండి అనేకులకు కన్ను దక్కుచున్నది.

అయినను ఈ వ్యాధి కపటమైనది. నెత్తురు వెంట పోయి ఏండ్ల తరువాత కాలేయములో తలయెత్తగలదు. ఆలివర్ శాక్స్ అను ప్రసిద్ధ నాడీవైద్యుడు, రచయిత 2005లో సినిమా చూచుచుండగా తన కంటిలో వింతవెలుగును గమనించెను. అది మెలనోమా యని తేలినది. చికిత్స పొంది, రచనలు చేయుచు తొమ్మిదేండ్లు గడపిన పిదప వ్యాధి కాలేయమునకు ప్రాకి 2015లో ఆయన మరణించెను. కాబట్టి కన్ను నయమైనదని వైద్యుని మరువరాదు, కాలేయపరీక్షలు చేయించుకొనుచుండవలెను. ప్రాకిన వ్యాధిని కూడ కొందరిలో కొంతకాలము నిలుపగల క్రొత్తమందు ఒకటి 2022లో అనుమతి పొందినది.

ఎండలో పనిచేయు రైతులు, కూలీలు తెలియవలసినది మరియొకటి కలదు. తెల్లగ్రుడ్డు నల్లగ్రుడ్డు కలియుచోట తెల్లని లేదా గులాబిరంగు కండ పెరిగి నానాటికి వ్యాపించుచున్నచో అది క్యాన్సరు కావచ్చును. తీక్ష్ణమైన ఎండ దానికొక కారణము. తలపాగ, అంచుగల టోపీ, ఎండ అద్దములు కంటికి మేలు చేయును. రెప్పమీది కురుపు కోసివేసినను మరల మరల అదేచోట లేచినచో దానిని మామూలు కురుపనుకొనక ముక్కను తీయించి పరీక్ష చేయింపవలెను. రెప్పలోని క్రొవ్వుగ్రంథులలో పుట్టు క్యాన్సరు అట్టి వేషముననే వచ్చును.

విద్యార్థులారా! మీ యిండ్లలో తమ్ములు, చెల్లెండ్రు కలరు. వారిని ఎత్తుకొని ఆడించువారు మీరే. కనుపాపలో తెల్లని మెరపు, క్రొత్తగా వచ్చిన మెల్ల, మానని ఎఱుపు, వాపు, చూపు నిలుపలేమి, వీనిలో ఏది కనబడినను నేత్రవైద్యుని యొద్దకు కొనిపోవలెనని పెద్దలకు చెప్పుడు. హైదరాబాదులో సరోజినీదేవి కంటి ఆసుపత్రియు, 1987లో వెలసిన ఎల్.వి. ప్రసాద్ నేత్రవైద్య సంస్థయు కలవు. విశాఖపట్టణములోను, కర్నూలులోను ప్రభుత్వ ప్రాంతీయ నేత్రవైద్యశాలలు కలవు. ఇంటిలో ఒకరికి ఈ వ్యాధి వచ్చియుండినచో తక్కిన బిడ్డలను పుట్టిననాటినుండియే చూపింపవలెను.

ఆ బిడ్డ ఇప్పుడు పెద్దదైనది. తీసివేసిన కంటి స్థానమున అమర్చిన కృత్రిమనేత్రము చూడలేదు గాని, చూచువారికి వెంటనే భేదము తెలియదు. మిగిలిన కంటితో ఆమె చదివి, ఉపాధ్యాయశిక్షణ పొంది, ఒక ప్రాథమిక పాఠశాలలో చిన్నపిల్లలకు అక్షరములు దిద్దించుచున్నది. క్రిందటి సంక్రాంతికి అన్నాచెల్లెండ్రిద్దరును మా యింటికి వచ్చిరి. ఆమె తన తరగతిని గూర్చి చెప్పుచు, "మా పిల్లలు ఒకటే ప్రశ్నలు వేయుదురండీ మాస్టారూ" అనెను. అన్న నావంక చూచి తలవంచుకొనెను. నేనును తలవంచుకొంటిని.

వాని ప్రశ్న సరియైనది. చూచినది చూచినట్లు చెప్పెను. తరగతి నవ్వినదని వాడు మూడునెలలు మరల నోరు తెరవలేదు. మీరట్లు ఊరకుండకుడు. ఒకరు వినకున్నచో మరియొకరికి చెప్పుడు. వారును వినకున్నచో ఇంకొకరికి చెప్పుడు.